పసుపు, బ్రాహ్మి, సీబీడీ ఆయిల్‌తో ఫిట్స్ మాత్రలు ఆపేయొచ్చా?

అడిగినాయన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. వాళ్ల అమ్మాయికి 16 ఏళ్లు, 45 కిలోలు, ఇంటర్ మొదటి సంవత్సరం. రెండేళ్ల కిందట ఫిట్స్ మొదలయ్యాయి. జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ (టీనేజీలో మొదలయ్యే, పొద్దుటి పూట చేతులు ఉలిక్కిపడే రకం ఫిట్స్ జబ్బు) అని చెప్పి లెవెటిరాసిటామ్ 500 మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాశారు. 14 నెలలుగా ఫిట్ రాలేదు. కానీ పిల్ల చీటికీమాటికీ విసుక్కుంటోంది, తమ్ముడి మీద గిన్నె విసిరేసిందట. ఇంతలో బంధువుల వాట్సాప్ గ్రూపులో "మెదడును ఫిట్స్ నుంచి కాపాడే సహజ పదార్థాలు" అని ఒక లిస్టు వచ్చింది: పసుపులోని కర్క్యుమిన్, బ్రాహ్మి, శంఖపుష్పి, జింకో అనే చెట్టు సారం, గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ ఆయిల్. ఇవి మొదలుపెట్టి మాత్రలు మెల్లగా మానిపించవచ్చా అని ఆయన అడుగుతున్నారు. సరస్వతి ఆకు పచ్చడి గురించి కూడా ఒక మాట అడిగారు, దాని సంగతి చివర్లో చెబుతాను.

సూటిగా చెబితే: మాత్రలు ఆపకండి, మీ అంతట మీరు తగ్గించకండి. ఆ లిస్టులో మనుషుల మీద సరైన ట్రయల్స్ జరిగి, ఫిట్స్‌ను తగ్గిస్తుందని తేలి, మందుగా అనుమతి పొందింది ఒక్క సీబీడీయే. అదీ మూడు అరుదైన జబ్బులకు. ఆ ట్రయల్స్‌లో కూడా దాన్ని ఉన్న మాత్రలకు తోడుగానే ఇచ్చారు. మీ అమ్మాయికి ఉన్న జబ్బు ఆ మూడింటిలో లేదు. మిగతావాటికి ఉన్న బలమంతా ఎలుకల మీద చేసిన ప్రయోగాలే. లిస్టులో ఒకటి అయితే ఫిట్స్ ఉన్నవాళ్లు దూరంగా ఉంచాల్సిందే.

ఇంతటితో ఆపేస్తే "ఈ ఇంగ్లీషు డాక్టర్లు ఎప్పుడూ ఇంతే" అంటారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. నేను 24 ఏళ్లుగా న్యూరాలజీ ఓపీ చూస్తున్నాను, ఎక్కువ కాలం గుంటూరు జిల్లాలోనే. పుట్టింది దుగ్గిరాల దగ్గర. పసుపు యార్డు వాసన పీల్చి పెరిగినవాణ్ణి, పసుపు మీద నాకు పగేమీ లేదు.

ముందు "సహజం" అనే మాట సంగతి చూద్దాం. మెదడు కణం దాకా వెళ్లాక ఏ అణువుకైనా ఊరూ పేరూ ఉండవు. అది అక్కడ ఏం చేస్తుందన్నదే లెక్క. మెదడులో గాబా అనే రసాయనం ఉంటుంది, అది బండికి బ్రేకులాంటిది. ఫినోబార్బిటాల్ లాంటి మందులు ఆ బ్రేకుకు బలం ఇస్తాయి. కాకమారి గింజల్లో ఉండే పిక్రోటాక్సిన్ అదే బ్రేకును పీకేస్తుంది. చెరువులో చేపలు మత్తెక్కి తేలడానికి వేసే గింజ అది. నూటికి నూరు పాళ్లూ సహజమే. ముష్టి గింజలోని స్ట్రిక్నిన్ కూడా సహజమే, మనిషి స్పృహలో ఉండగానే ఒళ్లంతా విల్లులా వంచేస్తుంది. ప్రయోగశాలలో ఎలుకలకు కావాలని ఫిట్స్ తెప్పించడానికి వాడే మందుల్లో ఒకటి పైలోకార్పిన్. అది బ్రెజిల్‌లో పెరిగే జబొరాండి అనే మొక్క ఆకుల నుంచి వచ్చింది. అంటే కర్క్యుమిన్ ఎలుకను కాపాడిందని రాసే పరిశోధనా పత్రాల్లో కొన్నిసార్లు ఫిట్ తెప్పించింది ఒక మొక్కే, ఆపడానికి ఇచ్చిందీ ఒక మొక్కే.

బిహార్‌లో ముజఫర్‌పూర్ పిల్లల సంగతి పేపర్లలో చదివే ఉంటారు. లీచీ తోటల్లో పగలంతా పళ్లు తిని, రాత్రి అన్నం తినకుండా పడుకున్న పిల్లలకు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చేవి. ఎన్నో ఏళ్లు అది మెదడువాపు అనుకున్నారు. 2014లో గట్టిగా పరిశోధిస్తే లీచీ పండులోని హైపోగ్లైసిన్ అనే పదార్థం దగ్గర, ఖాళీ కడుపు దగ్గర తేలింది. రక్తంలో చక్కెర అమాంతం పడిపోయి ఫిట్స్ వస్తున్నాయి. రాత్రి పూట అన్నం పెట్టి పడుకోబెట్టమన్నదే అక్కడ ఇచ్చిన ప్రధాన సలహా.

ఇక రెండో వైపు. మొక్కల నుంచి ఫిట్స్ మందులు రావా? వచ్చాయి, కొన్ని తమాషాగా వచ్చాయి. ఇవాళ లక్షల మంది వాడుతున్న వాల్ప్రోయేట్ కథ చూడండి. వలేరియన్ అనే మొక్క వేరులో వలేరిక్ ఆమ్లం ఉంటుంది, దాని పోలికతో 1882లోనే వాల్ప్రోయిక్ ఆమ్లాన్ని తయారుచేశారు. ఆ తర్వాత 80 ఏళ్లు దాన్ని ఇతర మందులను కరిగించే ద్రవంగానే వాడారు. 1962లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో పియెర్ ఎమార్ అనే కుర్ర పరిశోధకుడు ఖెల్లిన్ అనే మరో మొక్క పదార్థానికి దగ్గరి మందులను ఇందులో కరిగించి పరీక్షిస్తున్నాడు. విచిత్రంగా ఏది ఇచ్చినా ఫిట్స్ ఆగుతున్నాయి. చివరికి తేలిందేమిటంటే, పనిచేస్తున్నది కరిగిన మందు కాదు, కరిగించిన ద్రవం. అలా 1967లో ఫ్రాన్స్‌లో మందుగా బయటికొచ్చింది. మా జూనియర్లకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. పోల్చి చూడటానికి పక్కన ఇంకో గుంపు లేకపోతే ఏది పనిచేసిందో మనకు తెలియదు. వాట్సాప్ లిస్టుకు లేనిది సరిగ్గా ఆ పక్క గుంపే.

పసుపు లెక్క. ఎలుకల ప్రయోగాల్లో కర్క్యుమిన్ కిలో బరువుకు 100 నుంచి 300 మి.గ్రా. దాకా ఇవ్వడం మామూలే. 300 అనుకుందాం. ఎలుక మోతాదును మనిషికి మార్చేటప్పుడు సుమారుగా ఆరో వంతు తీసుకుంటారు, అంటే కిలోకు 50 మి.గ్రా. దగ్గర. మీ అమ్మాయి 45 కిలోలకు రోజుకు రెండు గ్రాముల పైచిలుకు కర్క్యుమిన్ కావాలి. పసుపులో కర్క్యుమిన్ ఉండేది నూటికి మూడు పాళ్లు అటూ ఇటూ. అంటే రోజుకు 70 గ్రాముల పైన పసుపు. మన పప్పులో వేసే చిటికెడు ఎక్కడ, ఇదెక్కడ?

సరే, తాగించారే అనుకుందాం. అది పేగుల్లోంచి రక్తంలోకి చేరేది బహు స్వల్పం. చేరినదాన్ని లివర్ వెంటనే మార్చేసి బయటికి పంపుతుంది. ఆ మిగిలినది మెదడు గోడ దాటాలి. పైగా కర్క్యుమిన్‌కు ఒక చెడ్డ పేరు ఉంది, మందుల రసాయన శాస్త్రవేత్తలు 2017లో దాని మీద పెద్ద సమీక్షే రాశారు. అది నిలకడ లేని అణువు, పరీక్ష నాళికలో దేనితో పడితే దానితో చర్య జరుపుతుంది. అందుకే ఏ జబ్బు పరీక్షలో పెట్టినా "పనిచేసింది" అన్నట్టు కనిపిస్తుంది. క్యాన్సర్‌కూ అదే, మతిమరుపుకూ అదే, ఫిట్స్‌కూ అదే అని వినిపించడం వెనక ఇదొక కారణం.

ఎలుకల ప్రయోగాల్లో ఇంకో తిరకాసు ఉంది, ఇది బయటివాళ్లకు అంతగా తెలియదు. చాలా ప్రయోగాల్లో ముందు మొక్క సారం ఇస్తారు, అరగంటో గంటో ఆగి ఫిట్ తెప్పించే మందు ఇస్తారు. అది ఆరోగ్యంగా ఉన్న ఎలుక మెదడు. నా దగ్గరికొచ్చే మనిషి మెదడులో జబ్బు అప్పటికే పాతుకుని ఉంటుంది. ఎలుకకు కాస్త మత్తు కలిగినా ఫిట్ ఆలస్యమవుతుంది, దాన్నే రక్షణ అని రాసుకోవచ్చు. అసలు ఫిట్స్ జబ్బు రాకుండా ముందే మెదడును కాపాడే మందు మనుషుల్లో ఇంతవరకూ ఏదీ నిరూపణ కాలేదు, ఫ్యాక్టరీదైనా సరే. తలకు పెద్ద దెబ్బ తగిలినవాళ్లకు ఫినిటోయిన్ అనే పాత ఫిట్స్ మందు ఇచ్చి చూసిన ట్రయల్ ఫలితాలు 1990లో వచ్చాయి. మొదటి వారంలో ఫిట్స్ తగ్గాయి, ఆ తర్వాత వచ్చేవాటిని మందు ఆపలేకపోయింది. మందుల కంపెనీలు కోట్లు పోసినా కుదరని పని ఒక క్యాప్సూల్ డబ్బా మీద ధైర్యంగా రాసి ఉంటే నాకు నవ్వొస్తుంది.

సీబీడీ. దీని గురించి కాస్త గౌరవంగానే మాట్లాడాలి. గంజాయి మొక్కలో ఉండేదే, కానీ మత్తెక్కించే భాగం వేరు, ఇది వేరు. అమెరికా ఎఫ్‌డీఏ 2018 జూన్‌లో ఎపిడయొలెక్స్ అనే శుద్ధి చేసిన సీబీడీ ద్రావణాన్ని డ్రావే సిండ్రోమ్, లెనాక్స్-గాస్టో సిండ్రోమ్ అనే రెండు జబ్బులకు అనుమతించింది. 2020లో ట్యూబరస్ స్క్లెరోసిస్‌ను చేర్చింది. మూడూ చిన్నప్పుడే మొదలై, ఎన్ని మాత్రలు వేసినా లొంగని జబ్బులు. డ్రావే పిల్లల మీద జరిగిన ట్రయల్‌లో 120 మంది ఉన్నారు. సీబీడీ తీసుకున్నవాళ్లలో నెలకు 12.4గా ఉన్న ఫిట్స్ 5.9కి దిగాయి. ఉత్తుత్తి ద్రావణం తీసుకున్నవాళ్లలో 14.9 నుంచి 14.1కి వచ్చాయి. ఆ తల్లిదండ్రులకు అది పెద్ద ఊరటే. కానీ ఫిట్స్ పూర్తిగా ఆగిపోయింది అతి కొద్దిమందికే, అదీ గమనించండి.

ఇప్పుడు మీరు ప్రశ్నతో పాటు పెట్టిన ఫొటోలోని సీబీడీ సీసా. 30 మి.లీ., మొత్తం సీబీడీ 1000 మి.గ్రా., రోజుకు రెండుసార్లు 5 చుక్కలు అని ఉంది. పది చుక్కలంటే అర మి.లీ., అంటే 17 మి.గ్రా. దగ్గర. ట్రయల్స్‌లో ఇచ్చిన మోతాదు కిలోకు 10 నుంచి 20 మి.గ్రా. తక్కువ లెక్క తీసుకున్నా మీ అమ్మాయికి రోజుకు 450 మి.గ్రా. కావాలి. ఆ చుక్కలు అందులో పాతికో వంతు కూడా కాదు. నిజంగా ఆ మోతాదు ఇవ్వాలంటే సీసా రెండు రోజులకే దాదాపు ఖాళీ అవుతుంది. అసలు లేబుల్ మీద రాసింది లోపల ఉందా అంటే, అమెరికాలో ఆన్‌లైన్‌లో అమ్మే 84 సీబీడీ ఉత్పత్తులను కొని పరీక్షిస్తే లేబుల్‌కు సరిపోయినవి నూటికి 31 మాత్రమే. కొన్నిటిలో మత్తు పదార్థం కూడా దొరికింది. ఆ ఫలితాలు 2017లో వచ్చాయి. మన దగ్గర "విజయ" పేరుతో ఆయుష్ లైసెన్సు మీద అమ్మేవి గంజాయి ఆకు సారాలు. ఆకు మన చట్టంలో గంజాయి నిర్వచనంలోకి రాదు, అందుకే అమ్మగలుగుతున్నారు. చట్టం ఒప్పుకోవడం వేరు, మీ పిల్ల జబ్బుకు పనికిరావడం వేరు.

అసలు మందుకైనా జాగ్రత్తలు ఉన్నాయి. మా దూరపు బంధువుల పిల్లాడు డాలస్‌లో ఉంటాడు, లెనాక్స్-గాస్టో. అక్కడి డాక్టరే ఎపిడయొలెక్స్ రాశాడు. వాల్ప్రోయేట్ కూడా వాడుతున్నాడు. ఆరో వారంలో వాళ్ల అమ్మ రాత్రి పూట ఫోన్ చేసింది: "అన్నయ్యా, పడిపోవడం తగ్గింది గానీ వీడు అన్నం ముట్టట్లేదు, లివర్ ఎంజైములు నాలుగింతలు వచ్చాయి, ఇప్పుడేం చేయాలి?" వాల్ప్రోయేట్‌తో కలిస్తే ఇలా జరుగుతుందని ట్రయల్స్‌లో ముందే కనిపించింది. అక్కడి డాక్టరు వాల్ప్రోయేట్ మోతాదు తగ్గించాడు, ఎంజైములు దిగాయి. రక్తపరీక్షలు చేస్తూ ఇచ్చారు కాబట్టి దొరికింది. కొరియర్‌లో వచ్చిన సీసాకు ఈ కాపలా ఎవరు కాస్తారు?

శంఖపుష్పి. నన్ను బాగా భయపెట్టేది ఇదే, ఎందుకంటే ఇది ప్రతి ఇంట్లో ఉంటుంది. పరీక్షలొస్తే చాలు, జ్ఞాపకశక్తి కోసం పిల్లలకు ఆ సిరప్ తాగిస్తారు. ముంబైలో ఫినిటోయిన్ మాత్రలతో చక్కగా ఉన్న ఇద్దరు రోగులకు ఉన్నట్టుండి ఫిట్స్ తిరగబెట్టాయి. ఏమిటా అని చూస్తే శంఖపుష్పి ఉన్న ఆయుర్వేద మందు మొదలుపెట్టారు. తర్వాత ఎలుకల్లో పరీక్షిస్తే ఆ మందు కొన్ని రోజులు కలిపి ఇచ్చినప్పుడు రక్తంలో ఫినిటోయిన్ పడిపోతోందని తేలింది. 1992లో దీన్ని ప్రచురించారు. నేను ఆ వ్యాసం పీజీలో ఉండగా చదివి మర్చిపోయాను. తర్వాత పదో తరగతి కుర్రాడు ఒకడు మూడేళ్లుగా బాగుండి, ఫిబ్రవరిలో వరసగా రెండు ఫిట్స్‌తో వచ్చాడు. మాత్ర మానలేదని వాళ్ల నాన్న ఒట్టు పెట్టాడు. ఫినిటోయిన్ లెవెల్ చూస్తే అంతకుముందు 16 ఉన్నది 6 ఉంది. ఉండాల్సింది 10 నుంచి 20 మధ్య. ఏం తింటున్నాడు, ఏం తాగుతున్నాడు అని అరగంట కూర్చుని అడిగాను. అన్నీ అయ్యాక వాళ్ల నాయనమ్మ మెల్లగా అంది: "మందేం కాదులే బాబూ, బలానికి సిరపు పోస్తన్నా." అది మందు కాదన్నది ఆవిడ నమ్మకం. ఆ తర్వాత "ఏం మందులు వాడుతున్నారు" అని అడగడం మానేశాను. "సీసాలో, పొట్లంలో, డబ్బాలో ఇంట్లో ఏమేం ఉన్నాయి" అని అడుగుతాను.

మిరియం దీనికి ఎదురు దిశలో పనిచేస్తుంది. కర్క్యుమిన్ ఒంటికి పట్టడం లేదని తెలిసి కంపెనీలు అందులో మిరియాల్లోని పిపరిన్ కలుపుతున్నాయి. 1998లో బెంగళూరు పరిశోధకులు రెండు గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మి.గ్రా. పిపరిన్ చేరిస్తే రక్తంలోకి 20 రెట్లు ఎక్కువ వెళ్లిందని చూపించారు. డబ్బాల మీద "2000 శాతం" అని కనిపించేది అదే. మరి ఆ తలుపు కర్క్యుమిన్ ఒక్కదానికే తెరుచుకోదు కదా. చండీగఢ్‌లో ఫినిటోయిన్ వాడుతున్న రోగులకు 20 మి.గ్రా. పిపరిన్ ఇచ్చి చూస్తే రక్తంలో ఫినిటోయిన్ పెరిగింది. ఫినిటోయిన్ కొంచెం ఎక్కువైనా మనిషి తాగినవాడిలా తూలతాడు. రసంలో వేసే మిరియాలకు భయపడక్కర్లేదు, క్యాప్సూల్‌తోనే పేచీ. ఇదే పిపరిన్ మీద చైనాలో మంచి పనీ జరిగింది. తెల్ల మిరియాలు, ముల్లంగి కలిపి వాడే ఒక నాటు వైద్యం నుంచి మొదలుపెట్టి, దాన్ని మార్చి ఆంటీఎపిలెప్సిరిన్ అనే మందు చేసి అక్కడ వాడారు. నాటు వైద్యంలో ఏమీ లేదని నేను అనను. దాన్ని చేతిలో పట్టుకుని ప్రయోగశాల దాకా నడిచిన ఓపికే మన దగ్గర తక్కువ.

ఒక మాట మీకు ఊరట కోసం: మీ అమ్మాయి వాడే లెవెటిరాసిటామ్ ఎక్కువగా కిడ్నీల గుండా పోతుంది, లివర్ దగ్గర జరిగే ఈ తోపులాటలు దానికి తక్కువ. ఫినిటోయిన్, కార్బమజెపిన్, వాల్ప్రోయేట్ వాడేవాళ్లు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. కార్బమజెపిన్ వాడేవాళ్లకు గ్రేప్‌ఫ్రూట్ రసం కూడా పడదు.

జింకో సంగతి ఒక్క వాక్యంలో: దాని గింజల్లో ఉండే పదార్థం బి6 విటమిన్‌ను అడ్డుకుని ఫిట్స్ తెప్పిస్తుంది, ఆకు సారం డబ్బాలు కూడా ఫిట్స్ ఉన్న ఇంట్లో వద్దు.

బ్రాహ్మి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. చరకుడి కాలం నుంచి అపస్మారానికి (ఫిట్స్‌కు ఆయుర్వేదంలో పేరు) బ్రాహ్మీ ఘృతం ఉంది, దాన్ని నేను ఎగతాళి చేయను. ఆరోగ్యవంతుల జ్ఞాపకశక్తి మీద కొన్ని ట్రయల్స్ జరిగాయి. ఫిట్స్ మీద నమ్మదగినంత పెద్ద ట్రయల్ లేదు. వస కొమ్ముకూ ఆ పాత గ్రంథాల్లో చోటుంది. మన ఇళ్లలో మాటలు రావాలని పసిపిల్లలకు అరగదీసి నాకిస్తారు. అందులోని బీటా-అసరోన్ జంతువుల్లో క్యాన్సర్ తెప్పించిందని అమెరికాలో 1968లోనే ఆహారంలో వాడకుండా నిషేధించారు. పసివాళ్లకు అది మానేయండి.

ఇక అసలు గొడవ పొట్లాలు. పల్నాడు నుంచి 31 ఏళ్ల రైతు. రాత్రి పదకొండింటికి క్యాజువాలిటీకి ఆటోలో తెచ్చారు, ఒక ఫిట్ పూర్తిగా తగ్గకముందే ఇంకోటి వస్తోంది. ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు వేసి గంటన్నరకు ఆపగలిగాం. ఐసీయూ బయట వాళ్ల ఆవిడ కొంగు ముడి విప్పి ఒక న్యూస్‌పేపర్ ముక్క చూపించింది. మడతల్లో లేత గోధుమ రంగు పొడి ఇంకా కాస్త అంటుకుని ఉంది. "మీ మాత్రలు మానేసి ఏడాదైంది సార్. ఈ పొడితో ఒక్కటంటే ఒక్కటి రాలేదు. ఆయన ఈసారి రాలేదు, పొడి అయిపోయి ఆరు రోజులైంది." నెలకోసారి ఒకతను వచ్చి 30 పొట్లాలు ఇచ్చి వెళ్లేవాడట, అన్నీ అడవి మూలికలేనట. అనుమానమొచ్చి రక్తంలో ఫినోబార్బిటాల్ చూడమన్నాను. ఆరు రోజుల తర్వాత కూడా 9 ఉంది. ఆ మందు రక్తంలోంచి సగం పోవడానికే సుమారు నాలుగు రోజులు పడుతుంది. వెనక్కి లెక్కేసుకుంటే పొడి తినే రోజుల్లో 25కి పైనే, అంటే పూర్తి మోతాదు, ఉండి ఉండాలి. ఫినోబార్బిటాల్ 1912 నాటి మాత్ర, మన మందుల షాపులో కారుచౌక. మేం రాసిస్తే రసాయనం, పొట్లంలో కడితే మూలిక. ఆపకుండా వాడిన ఏడాదీ పనిచేసింది, ఒక్కసారిగా ఆగేసరికి ప్రాణం మీదికి తెచ్చింది. ఆవిడకు ఇది చెప్పినప్పుడు కోపం రాలేదు. "అంటే మాత్రే తిన్నాడన్నమాట" అని, ఆ కాగితం మళ్లీ కొంగులో ముడేసుకుంది.

అన్ని పొట్లాలూ ఇలాగే ఉంటాయని చెప్పను. కానీ లోపల ఏముందో తెలియనప్పుడు మంచి ఫలితం కనిపించినా నాకు భయమే. సీసం, పాదరసం సంగతి వేరే. 2004లో బోస్టన్ షాపుల్లో అమ్మే 70 ఆయుర్వేద ఉత్పత్తులు పరీక్షిస్తే 14 డబ్బాల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి హానికర స్థాయిలో బయటపడింది. పిల్లల్లో సీసం ఒంట్లో పేరుకున్నా ఫిట్స్ వస్తాయి.

ఇంట్లోనే ఉండి ఎవరూ పట్టించుకోనిది కర్పూరం, నీలగిరి తైలం. 1934లో బుడాపెస్ట్‌లో మెడునా అనే డాక్టరు మానసిక రోగులకు కావాలని ఫిట్స్ తెప్పించడానికి ఎంచుకున్న మొదటి మందు కర్పూరమే. నేను చూసిన ఒక పాప వయసు రెండేళ్లు. శ్రావణ శుక్రవారం పూజ గదిలో హారతి కర్పూరం బిళ్ల పటికబెల్లం అనుకుని నోట్లో వేసుకుంది. ఇరవై నిమిషాల్లో ఫిట్ వచ్చింది. ఎత్తుకుంటే ఊపిరి కూడా కర్పూరం వాసనే. బతికింది, మళ్లీ ఫిట్స్ రాలేదు. పెద్దవాళ్లలో జలుబుకు రాసుకునే బామ్‌లు, ఆవిరిలో వేసే నీలగిరి తైలం వల్ల ఫిట్స్ వచ్చిన కేసులను బెంగళూరు న్యూరాలజిస్టులు వరసగా ప్రచురించారు. అప్పటి నుంచి నేను కూడా అడగడం మొదలుపెట్టాను, అడిగితే దొరుకుతున్నాయి. మీ ఇంట్లో అమ్మాయి దిండు మీద అలాంటి నూనె చుక్కలు వేసే అలవాటుంటే ఇవాళే మానేయండి.

మొక్కల నుంచి వచ్చేదాంట్లో నేను నిజంగా ఆసక్తిగా చూస్తున్నది ఏమిటంటే కొబ్బరి నూనె. నేరుగా ఆ నూనె కాదు, అందులో కొద్దిగా ఉండే డెకనోయిక్ ఆమ్లం. మందులకు లొంగని పిల్లలకు ఇచ్చే కీటోజెనిక్ ఆహారంలో (కొవ్వు ఎక్కువ, పిండి పదార్థం బాగా తక్కువ ఉండే తిండి) ఒక రకం, ఈ ఆమ్లం కూడా ఉన్న నూనె మీద నడుస్తుంది. 2008లో లండన్ నుంచి వచ్చిన ట్రయల్‌లో కీటోజెనిక్ ఆహారం తిన్న పిల్లల్లో నూటికి 38 మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి, మామూలు తిండి తిన్న గుంపులో అలా తగ్గింది నూటికి ఆరుగురికి. కానీ అది డైటీషియన్ గ్రాములు తూచి పెట్టే తిండి, అన్నం దాదాపు ఉండదు. మీ అమ్మాయికి ఆ అవసరమే లేదు, ఒక్క రకం మాత్రతోనే 14 నెలలు బాగుంది.

మరి మీ పాప మెదడును కాపాడేది ఏమిటంటారా? ఆమెకున్న జబ్బులో అన్నిటికంటే ముందు నిద్ర. పొద్దున బ్రష్ చేసుకుంటుంటే చేయి ఉలిక్కిపడి బ్రష్ ఎగిరిపడటం, కాఫీ గ్లాసు జారిపోవడం లాంటివి రాత్రి మేల్కొన్న మర్నాడే ఎక్కువ. రికార్డులు రాయడానికి రెండింటి దాకా కూర్చోనివ్వకండి. ఈ రకం జబ్బులో మాత్రలు ఆపితే ఎక్కువమందికి తిరగబెడుతుంది, 14 నెలల ప్రశాంతత చూసి మోసపోవద్దు. ఎప్పుడైనా ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు, ముక్కు దగ్గర ఉల్లిపాయ అక్కర్లేదు. గడియారం చూడండి, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి. ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే ఒకటి ఇంట్లో ఉంచుకోమని మీ డాక్టర్ని అడిగి రాయించుకోండి.

విసుగు సంగతికి వద్దాం, ఎందుకంటే మీ అసలు బాధ అదే అని నాకనిపిస్తోంది. లెవెటిరాసిటామ్‌తో కోపం, చిరాకు, కొందరిలో దిగులు రావడం బాగా తెలిసిన విషయమే. అది ఆ పిల్ల తప్పు కాదు, వయసు తెచ్చిన తలతిక్క అని తేల్చేయకండి. ఎప్పుడు మొదలైంది, మోతాదు పెంచిన వారంలోనా అన్నది కాగితం మీద రాసి తీసుకెళ్లండి. దీనికి దారులున్నాయి: మోతాదు కొంచెం సవరించడం, బి6 విటమిన్ చేర్చి చూడటం (ఆధారం అంత గట్టిది కాదు, నేను కొందరిలో ప్రయత్నిస్తాను), లేదా అదే కోవకు చెందిన బ్రివరాసిటామ్ అనే మాత్రకు మార్చడం. వాల్ప్రోయేట్ ఈ జబ్బుకు బాగా పనిచేస్తుంది గానీ ముందుముందు గర్భం వస్తే బిడ్డకు ప్రమాదం కాబట్టి ఆడపిల్లలకు మేం వీలైనంత దూరంగా ఉంచుతాం. ఆమె "చచ్చిపోవాలనిపిస్తోంది" లాంటి మాట ఒక్కసారి అన్నా వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, అదే రోజు తీసుకెళ్లండి.

ఇక మీ ఆఖరి ప్రశ్న, అమ్మమ్మ వారానికోసారి చేసే సరస్వతి ఆకు పచ్చడి కూడా మాన్పించాలా అని. అక్కర్లేదు. మనం సరస్వతి ఆకు అని పెంచేది, గ్రంథాల్లోని బ్రాహ్మి రెండూ ఒకటి కావు, అమ్మేవాళ్లే రెండింటినీ కలిపేస్తుంటారు. పచ్చడిలో గుప్పెడాకు వేస్తే మాత్రతో పేచీ ఏమీ రాదు. అదే ఆకు సారం క్యాప్సూళ్లుగా రోజూ వేయాలంటే మాత్రం ముందు డబ్బా ఫొటో డాక్టరుకు చూపించండి. మా ఇంట్లో కుండీలో ఉంది, కొంచెం చింతపండు, ఎండుమిర్చి ఎక్కువేసి నూరితే ఆ వగరు తెలియదు.